వెళ్లిపోయినవారి తాళంచెవులు

సింగపూర్‌లో ఎన్‌సీఎస్ అని ఒక పెద్ద ఐటీ కంపెనీ ఉంది. కొత్త సాఫ్ట్‌వేర్ జనంలోకి వెళ్లేముందు దాన్ని పరీక్షించి చూసే కంప్యూటర్ వ్యవస్థ ఒకటి అక్కడ నడిచేది. 20 మంది బృందం, 180 వర్చువల్ సర్వర్లు. 2023 మార్చిలో ఒక రోజు బృందం వచ్చి చూస్తే వ్యవస్థ తెరుచుకోలేదు. ఎక్కడో చిన్న తేడా వచ్చి ఉంటుందని సరిచేయబోయారు. తీరా చూస్తే సరిచేయడానికి అక్కడ ఏమీ మిగల్లేదు. 180 సర్వర్లూ ఒకదాని తర్వాత ఒకటి చెరిగిపోయాయి.

చెరిపినవాడు అదే బృందంలో పనిచేసి వెళ్లినవాడు. పనితీరు బాగా లేదని కంపెనీ అతన్ని ఉద్యోగం నుంచి తీసేసింది. ఆఖరి పనిదినం 2022 నవంబరు 16. అతను ఇండియాకు తిరిగొచ్చాడు. జనవరిలో ఇక్కడి నుంచే, తన ల్యాప్‌టాప్‌లో, అడ్మిన్ లాగిన్‌తో ఆ వ్యవస్థలోకి ఆరుసార్లు వెళ్లి చూశాడు. ఫిబ్రవరిలో వేరే ఉద్యోగం దొరికి మళ్లీ సింగపూర్ చేరాడు. మార్చిలో మరో 13 సార్లు వెళ్లాడు. సర్వర్లను ఒక్కొక్కటిగా చెరిపే స్క్రిప్టు సిద్ధం చేసుకుని 18, 19 తేదీల్లో దాన్ని నడిపాడు. కంపెనీకి వచ్చిన నష్టం 9 లక్షల 17 వేల సింగపూర్ డాలర్ల పైమాటే. 2024 జూన్‌లో కోర్టు అతనికి 2 సంవత్సరాల 8 నెలల జైలుశిక్ష వేసింది.

నేరం అతనిది, శిక్ష పడింది. అందులో ఎవరికీ రెండో మాట లేదు. ఆలోచించాల్సింది ఇంకొకటి ఉంది. నవంబరు 16న కంపెనీ గుర్తింపు కార్డు తిరిగి తీసుకుని ఉంటుంది, జీతం లెక్క తేల్చి ఉంటుంది. ఆ అడ్మిన్ లాగిన్ మాత్రం నాలుగు నెలలపాటు, 19 సార్లు, తలుపు ఎందుకు తీసింది? ఇంట్లో అద్దెకున్నవాళ్లు ఖాళీ చేస్తే మన పెద్దవాళ్లు మొదట అడిగేది తాళంచెవి. కరెంటు బిల్లు, గోడలకు సున్నం సంగతి ఆ తర్వాత. సాఫ్ట్‌వేర్ కంపెనీల్లో ఆ మొదటి ప్రశ్నే చాలాసార్లు మిగిలిపోతుంది.

సిస్కో లాంటి ప్రపంచ ప్రసిద్ధ సంస్థకూ ఇదే జరిగింది. 2018 ఏప్రిల్‌లో రాజీనామా చేసిన ఒక ఇంజినీరు సెప్టెంబరు 24న ఆ సంస్థ క్లౌడ్ వ్యవస్థలోకి వెళ్లి 456 వర్చువల్ యంత్రాలను తుడిచిపెట్టాడు. ఆ సంస్థ ఆన్‌లైన్ సమావేశాల సేవ వెబెక్స్ టీమ్స్‌లో 16 వేలకు పైగా ఖాతాలు మూతపడ్డాయి. వాటిలో కొన్ని తెరుచుకోవడానికి రెండు వారాలు పట్టింది. పునరుద్ధరణకు ఉద్యోగుల సమయం రూపంలోనే దాదాపు 14 లక్షల డాలర్లు ఖర్చయింది. వినియోగదారులకు తిరిగిచ్చిన సొమ్ము మరో 10 లక్షల డాలర్లు దాటింది. ఆ ఇంజినీరుకు 2020 డిసెంబరులో 24 నెలల జైలు. ఇక్కడా రాజీనామాకూ విధ్వంసానికీ మధ్య ఐదు నెలల ఎడం ఉంది.

ఈ రెండు కథల్లోనూ కనిపించే లోపం హ్యాకర్ల మాయాజాలం కాదు. అది చిట్టా లోపం. చిట్టా అంటే ఎవరికి ఏ అనుమతి ఇచ్చాం, ఎప్పుడు ఇచ్చాం, ఎప్పుడు వెనక్కి తీసుకున్నాం అని రాసిపెట్టుకునే లెక్క. సాఫ్ట్‌వేర్ బృందాల్లో ఈ లెక్క రెండు ముక్కలై ఉంటుంది. లైసెన్సుల లెక్క కొనుగోళ్ల విభాగంలో, యాక్సెస్ లెక్క ఐటీ విభాగంలో. లైసెన్స్ అంటే డబ్బు, యాక్సెస్ అంటే భద్రత అని రెంటినీ విడదీసి చూస్తారు. నిజానికి రెండింటి వెనకా ఉన్న ఆలోచన ఒకటే, అది పాతకాలపు ఒక గదిలో కనిపిస్తుంది.

ఆ గది అమెరికాలోని మసాచుసెట్స్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ టెక్నాలజీలో ఉంది. అప్పట్లో కంప్యూటర్ అంటే గది నిండా యంత్రం. దాన్ని ఒకేసారి చాలామంది పంచుకుని వాడే పద్ధతిని ఫెర్నాండో కోర్బటో బృందం 1961లో చేసి చూపింది. యంత్రం ఒకటే, మనుషులు చాలామంది. ఎవరి ఫైళ్లు వారికే కనపడాలి, ఎవరి వాటా సమయం వారికే దక్కాలి. అందుకని మనిషికో పాస్‌వర్డ్ పెట్టారు. అంటే పాస్‌వర్డ్ రేషన్ కార్డులా మొదలైంది. నీ పేరు మీద ఇంత, అంతకు మించి లేదు.

అలన్ షెర్ అనే పరిశోధక విద్యార్థికి వారానికి 4 గంటలు కేటాయించారు. తన పరిశోధనకు అది చాలలేదు. 1962లో ఒక శుక్రవారం రాత్రి, పాస్‌వర్డులన్నీ ఉన్న ఫైలును ప్రింట్ తీయమని పంచ్ కార్డుల మీద అర్జీ పెట్టాడు. యంత్రం అడ్డు చెప్పలేదు. శనివారం వెళ్లి కాగితం తీసుకున్నాడు. ఇక ఇతరుల వాటా సమయం కూడా అతనిదే. చాలా ఏళ్ల తర్వాత ఆ సంగతి తనే బయటపెట్టాడు. అతనికి దుర్బుద్ధి లేదు. పని అవసరం ఉంది, ఇచ్చిన వాటా చాలలేదు, అడిగితే దొరికే దారి లేదు. ఈ మూడూ కలిసిన చోటల్లా నియమం పక్కకు జరుగుతుంది. అరవై ఏళ్ల కిందటి ఈ చిన్న సంఘటనను నేటి ఏ టీమ్ లీడ్ అయినా వెంటనే గుర్తుపడతారు.

ఇప్పుడు లైసెన్సుల వైపు చూద్దాం. సాఫ్ట్‌వేర్ కొన్నాం అంటాం. కొన్నది వాడుకునే అనుమతి మాత్రమే. ఒకప్పుడు ఆ మాట కూడా లేదు. పెద్ద యంత్రంతో పాటు ప్రోగ్రాములు కలిపి ఇచ్చేవారు. 1969 జూన్‌లో ఐబీఎం వాటికి విడిగా ధర పెడతామని ప్రకటించాక సాఫ్ట్‌వేర్ సొంతంగా అమ్ముడుపోయే సరుకైంది. సరుకైన నాటి నుంచి దాన్ని ఎలా లెక్కపెట్టాలన్న పేచీ నడుస్తూనే ఉంది.

బస్ పాస్ మీద ఫొటో ఉంటుంది. అన్న పాస్ మీద తమ్ముడు ప్రయాణం చేయకూడదు. పేరు మీద ఇచ్చే లైసెన్స్ అలాంటిది. గ్రంథాలయంలో ఒక నిఘంటువు ఐదు ప్రతులుంటే ఊళ్లో ఎవరైనా వాడుకోవచ్చు, కానీ ఒకేసారి ఐదుగురే. ఆరోవారు ఎవరో ఒకరు తిరిగిచ్చేదాకా ఆగాలి. ఫ్లోటింగ్ లైసెన్స్ అంటే అదే. చిప్ డిజైన్‌లో, ఇంజినీరింగ్ డ్రాయింగుల్లో వాడే ఖరీదైన సాఫ్ట్‌వేర్లు ఎక్కువగా ఈ రెండో పద్ధతిలో వస్తాయి. అక్కడ తలనొప్పి ఏమిటంటే, ఉదయం తెరిచి సాయంత్రం దాకా మూయకుండా పెట్టుకునేవాళ్లు కొందరుంటే చాలు, మిగతావాళ్లు క్యూలో నిలబడాల్సి వస్తుంది.

లెక్క ఎలా మారితే ఖర్చు ఎలా మారుతుందో చెప్పడానికి జావా అనే ప్రోగ్రామింగ్ భాషను మించిన ఉదాహరణ లేదు. 2023 జనవరిలో ఒరాకిల్ సంస్థ తన జావా చందా లెక్కను మార్చింది. జావా ఎంతమంది వాడుతున్నారన్నది కాక, సంస్థలో మొత్తం ఎంతమంది ఉద్యోగులున్నారన్నది కొలమానమైంది. పార్ట్‌టైమ్, తాత్కాలిక ఉద్యోగులు కూడా అందులోకి వస్తారు. వెయ్యిమంది లోపు సంస్థలకు ప్రకటించిన ధర తలకు నెలకు 15 డాలర్లు. 500 మంది ఉన్న కంపెనీలో జావాతో పనిచేసేది 20 మందే అనుకుందాం. చందా మాత్రం 500 మందికీ కట్టాలి. ఏడాదికి 90 వేల డాలర్లు. అదే జావాను ఓపెన్ జేడీకే రూపంలో ఉచితంగా ఇచ్చే టెమురిన్, కొరెట్టో లాంటివి ఉన్నాయి. ఏ సర్వర్‌లో ఏ జావా ఉందో తెలిసిన బృందానికి దారి దొరుకుతుంది. తెలియని బృందం, ఎవరో ఎప్పుడో డౌన్‌లోడ్ చేసి మరిచిపోయిన ఒక్క ఫైలుకు జవాబు చెప్పుకోవాల్సి వస్తుంది.

డెవలపర్లు తమ ల్యాప్‌టాప్‌లో ప్రోగ్రాములు నడిపి చూసుకునే డాకర్ డెస్క్‌టాప్ సంగతీ అంతే. ఏళ్ల తరబడి డెవలపర్లంతా ఉచితంగా వాడుకున్నారు. 2021 ఆగస్టు చివర్లో నియమం మారింది. 250 మందికి మించి ఉద్యోగులున్న సంస్థ, లేదా ఏటా కోటి డాలర్లు దాటి ఆదాయం ఉన్న సంస్థ డబ్బు కట్టాలి. 2022 జనవరి 31 దాకా గడువిచ్చారు. డెవలపర్ ల్యాప్‌టాప్‌లో ఏదీ మారలేదు. అదే బొమ్మ, అదే మీట. నిన్న నియమబద్ధంగా ఉన్న పని మర్నాడు ఉల్లంఘన అయింది. కొనుగోళ్ల విభాగానికి డాకర్ అనే పేరే తెలియకపోతే ఈ మార్పు ఎవరు గమనించాలి?

లైసెన్స్ లేని వాడకాన్ని మన దేశ చట్టం కూడా తేలిగ్గా తీసుకోలేదు. 1957 నాటి కాపీరైట్ చట్టానికి తర్వాత చేర్చిన 63బి సెక్షన్ ప్రకారం, దొంగ ప్రతి అని తెలిసి కంప్యూటర్ ప్రోగ్రామును వాడితే కనీసం 7 రోజులు, గరిష్ఠంగా 3 సంవత్సరాలు జైలు. జరిమానా 50 వేల రూపాయల నుంచి 2 లక్షల దాకా. లాభాపేక్ష లేదా వ్యాపారం కోసం వాడలేదని తేలితే కోర్టు జైలు లేకుండా జరిమానాతో సరిపెట్టవచ్చు. సాఫ్ట్‌వేర్ కంపెనీలో వాడకమంటే వ్యాపారం కాక మరేమిటి? హైదరాబాద్‌లో ఇంటర్న్‌గా చేరిన కుర్రాడు కాలేజీ రోజుల అలవాటుతో క్రాక్ చేసిన టూల్ ఒకటి ఆఫీసు ల్యాప్‌టాప్‌లో వేస్తే, ఆ చిక్కు అతని ఒక్కడితో ఆగదు.

లైసెన్స్ ఒక్క సంతకంతో బృందం చేతిలోని పనిముట్టును లాగేసుకోగలదు. లైనక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కు మూలమైన కెర్నెల్ రాసేవాళ్లకు ఆ అనుభవం ఉంది. 2002 నుంచి వాళ్లు కోడ్ మార్పులను బిట్‌కీపర్ అనే సాఫ్ట్‌వేర్‌లో దాచుకునేవారు. అది ఒక కంపెనీ సరుకు. లైనక్స్ వాళ్లకు ఉచితంగా ఇచ్చింది, షరతులతో. 2005లో ఆ షరతుల దగ్గర తగాదా వచ్చి కంపెనీ ఉచిత అనుమతిని ఉపసంహరించుకుంది. ప్రపంచమంతటా చెదిరి ఉన్న డెవలపర్లకు ఆ పనిముట్టు లేకుండా పోయింది. ఏప్రిల్ 3న లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ కొత్త పనిముట్టు రాయడం మొదలుపెట్టాడు. నాలుగు రోజులు తిరిగేసరికి అది తన కోడ్‌ను తనే దాచుకునే స్థితికి వచ్చింది. అదే గిట్. ఇవాళ మాదాపూర్‌లో, విశాఖలో, డల్లాస్‌లో, మెల్‌బోర్న్‌లో తెలుగు కుర్రాళ్లు పొద్దున లేచి మొదట తెరిచేది ఆ గిట్‌నే. అది ఒక లైసెన్స్ రద్దు లోంచి పుట్టిందన్న సంగతి వారిలో ఎంతమందికి గుర్తుంటుంది?

ఇక యాక్సెస్. హైదరాబాద్ హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ 1998లో తెరిచారు. అప్పటి నుంచి మన నగరం పెరిగిన తీరులోనే ఈ చిక్కు ఉంది. ఇక్కడి డెవలపర్ ఒక కంపెనీ ఉద్యోగి, మరో దేశపు క్లయింట్ సర్వర్ల మీద పని, మధ్యలో ఇంకో కాంట్రాక్టరు. ప్రాజెక్ట్ ముగిస్తే బెంచ్ మీదికి, అక్కడి నుంచి వేరే ప్రాజెక్టుకు. ఉద్యోగం మారకుండానే మనిషి నాలుగు చోట్లు మారతాడు. ప్రతి చోటా కొత్త అనుమతులు చేరతాయి, పాతవి పోవు. పదేళ్ల సీనియర్ దగ్గర పది ప్రాజెక్టుల తాళంచెవులు పోగుపడతాయి. అతనికి చెడు ఉద్దేశం ఉండక్కర్లేదు. అతని పాస్‌వర్డ్ ఒక్కటి ఎవరికైనా చిక్కితే పది తలుపులూ తెరుచుకుంటాయి.

దీనికి మందు 1975లోనే రాసిపెట్టారు. జెరోమ్ సాల్ట్‌జర్, మైకేల్ ష్రోడర్ అనే ఇద్దరు ఒక పరిశోధన పత్రంలో చెప్పిన సూత్రం ఇది: ప్రతి ప్రోగ్రాముకూ ప్రతి మనిషికీ చేతిలో ఉన్న పనికి కావలసినంత అధికారమే ఉండాలి. టెస్టర్‌కు టెస్టింగ్ సర్వర్ చాలు. డెవలపర్‌కు కోడ్ దాచుకునే తన రెపోలో రాసే హక్కు చాలు, అసలు వినియోగదారుల డేటాబేస్ అక్కర్లేదు. కోడ్‌ను జనం వాడే అసలు వ్యవస్థకు, అంటే ప్రొడక్షన్‌కు పంపాలంటే రాసినవాళ్లు కాక మరొకరు చూసి ఒప్పుకోవాలి. బ్యాంకు లాకర్ మన తాళంచెవితో పాటు మేనేజరు తాళంచెవి కూడా పడితేనే తెరుచుకుంటుంది, ఇదీ అంతే.

మనుషుల కంటే చిక్కైనవి యంత్రాల తాళంచెవులు. ఒక ప్రోగ్రాము ఇంకో ప్రోగ్రాముతో మాట్లాడటానికి టోకెన్లు, యాక్సెస్ కీలు ఉంటాయి. మనిషి వెళ్లిపోతే రాజీనామా పత్రం ఉంటుంది. టోకెన్‌కు రాజీనామా ఉండదు, ఎవరూ రద్దు చేయకపోతే అలాగే బతికి ఉంటుంది. టయోటా కార్ల కంపెనీకి ఇది అనుభవమైంది. వెబ్‌సైట్ పని చేసిపెట్టే ఒక ఉపకాంట్రాక్టరు 2017 డిసెంబరులో కోడ్‌లో కొంత భాగాన్ని, కోడ్ దాచుకునే గిట్‌హబ్ అనే వెబ్‌సైట్‌లో అందరికీ కనపడేలా పెట్టేశాడు. పొరపాటున. ఆ కోడ్‌లో డేటా సర్వర్ తాళంచెవి కూడా ఉంది. 2022 సెప్టెంబరులో గానీ ఎవరూ గమనించలేదు. దాదాపు ఐదేళ్లు. 2,96,019 మంది వినియోగదారుల ఈ-మెయిల్ చిరునామాలు బయటపడి ఉండవచ్చని కంపెనీ క్షమాపణ చెప్పుకుంది.

మరి చక్కగా నడిచే బృందాలు ఏం చేస్తున్నాయి? అన్నిటికంటే పెద్ద మార్పు తలుపుల సంఖ్య తగ్గించడం. బృందం పనుల జాబితా ఉండే జీరాకు ఒక పాస్‌వర్డ్, గిట్‌హబ్‌కు ఒకటి, క్లౌడ్‌కు ఒకటి అని కాకుండా కంపెనీ లాగిన్ ఒక్కటే అన్నిటికీ పనిచేసేలా పెడతారు. దీన్నే సింగిల్ సైన్ ఆన్ అంటారు. హెచ్‌ఆర్ రికార్డు ప్రకారం చివరి పనిదినం ముగియగానే ఆ ఒక్క లాగిన్ ఆగుతుంది. స్కిమ్ అనే ప్రమాణాన్ని పాటించే ప్రతి సాఫ్ట్‌వేర్‌లోనూ ఖాతా దానంతట అదే మూతపడుతుంది. ఇక్కడే రెండు చిట్టాలు ఒకటవుతాయి. ఖాతా మూతపడితే తలుపు మూసుకుంటుంది, దానితో పాటు లైసెన్స్ సీటు ఖాళీ అవుతుంది. తలకు ఇంత అని నెలనెలా డబ్బు కట్టే సాఫ్ట్‌వేర్లలో వెళ్లిపోయినవారి పేరున ఉన్న ప్రతి సీటూ ఉత్తపుణ్యానికి పోయే డబ్బే. భద్రత కోసం చేసిన పని ఖర్చునూ తగ్గిస్తుంది. ఈ మాట చెబితే ఏ మేనేజరైనా చెవి ఒగ్గి వింటారు.

అడ్మిన్ ఖాతాలను మాత్రం సింగిల్ సైన్ ఆన్ ఒక్కటీ కాపాడదు. బృందమంతా కలిసి వాడే అడ్మిన్ పాస్‌వర్డ్ ఒకటుంటే, అది తెలిసినవాళ్లలో ఒకరు వెళ్లిన రోజే మార్చాలి. వారు ఎంత మంచివారైనా సరే, వీడ్కోలు విందులో కళ్లనీళ్లు పెట్టుకున్నా సరే. ఇందులో అవమానమేమీ లేదు. మార్చిన తర్వాత ఏదైనా జరిగితే, వెళ్లిన మనిషి మీద అనుమానం పడే అవకాశం బాగా తగ్గుతుంది. అది వారికి కూడా రక్షణే.

అయితే తాళాలు మరీ బిగించినా పని చెడుతుంది. కొత్తగా చేరిన అమ్మాయి వారం రోజులు టికెట్ మీద టికెట్ పెట్టినా రెపో యాక్సెస్ రాదు. మేనేజరు అప్రూవల్, ఆయన పైవాళ్ల అప్రూవల్, ఆపై క్లయింట్ అప్రూవల్. రిలీజ్ దగ్గరపడుతుంది. పక్క సీటు అన్నయ్య, పాపం సాయం చేద్దామని, తన పాస్‌వర్డ్ వాట్సాప్‌లో పంపిస్తాడు. అలన్ షెర్ కథ మళ్లీ మొదలవుతుంది. ఆ తర్వాత వ్యవస్థ తనలో జరిగిన పనులు రాసుకునే లాగ్ తెరిచి చూస్తే ఎవరు ఏం చేశారో తెలియదు, అన్నిటి మీదా అన్నయ్య పేరే ఉంటుంది. అనుమతి ఇవ్వడంలో జాప్యం తాళంచెవుల పంపకానికి దారితీస్తుంది. అడిగిన గంటలో ఇచ్చి, గడువు తేదీ పెట్టి, ఆ తేదీకి దానంతట అదే రద్దయ్యేలా చేయడం ఈ రెండు చిక్కులకూ సరైన విరుగుడు.

లాగ్‌లను జాగ్రత్తగా ఉంచడానికి మన దేశంలో చట్టపరమైన కారణం కూడా ఉంది. కేంద్ర ప్రభుత్వ సంస్థ సెర్ట్-ఇన్ 2022 ఏప్రిల్ 28న ఇచ్చిన ఆదేశాల ప్రకారం సైబర్ దాడి గమనించిన 6 గంటల్లోపు ఆ సంస్థకు తెలియజేయాలి. కంప్యూటర్ వ్యవస్థల లాగ్‌లు 180 రోజులు దాచి ఉంచాలి. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడని సామెత. అయినా సింగపూర్ కేసులో పట్టుకున్నారు. ఎన్‌సీఎస్ ఇచ్చిన ఐపీ చిరునామాలను పట్టుకుని వెళ్లిన పోలీసులకు అతని ల్యాప్‌టాప్‌లో ఆ స్క్రిప్టు దొరికింది. లాగ్ లేకపోతే ఆ దారే ఉండేది కాదు.

శ్రోతల్లో సాఫ్ట్‌వేర్ బృందాలు నడిపేవారు ఎందరో ఉంటారు. బృందాలు నడిపేవారికి ఒక విన్నపం. ఈ వారంలో ఒక గంట కేటాయించి మీ గిట్‌హబ్, మీ క్లౌడ్, మీ జీరా ఖాతాల్లో సభ్యుల జాబితా తెరవండి. బృందాన్ని కూర్చోబెట్టి ఒక్కొక్క పేరూ పైకి చదవండి. ఈ మనిషి ఇప్పుడు ఎక్కడున్నారు అని అడగండి. జవాబు రాని పేరు దగ్గర ఆగండి. ఆ ఖాతాను అప్పటికప్పుడే మూసి, ఆ తర్వాతే కిందిపేరు చదవండి.